కొండ నుండి కడలికి



మన గుమ్మలక్ష్మీపురం, భద్రగిరి, ఎల్విన్‌పేట ప్రాంతాల్లో పుట్టిన వారికి సముద్రమంటే ఆదివారపు బడిలో విన్న సంగతే. యోనా ఎక్కిన ఓడ, శిష్యులు భయపడిన తుపాను, పౌలు ఖైదీగా ప్రయాణం చేసిన ఓడ బద్దలైపోవడం మనకు కంఠతా వచ్చు. కాని ఓడలో పనిచేసే మనిషిని మనలో ఎంతమంది చూశాము?

బడి ఉద్యోగం నుండి విరమించిన తరువాత నేను, నా భార్య కొంతకాలం విశాఖపట్నంలో మా అమ్మాయి దగ్గర ఉన్నాము. అక్కడ ఒక నావిక శిక్షణ కళాశాల పిల్లలు కొందరు మా సంఘానికి ఆరాధనకు వచ్చేవారు. ఆరాధన అయ్యాక మా ఇంట భోజనం. వారిలో నలుగురు ఈ మధ్యనే శిక్షణ ముగించారు. పేర్లు రాయను గాని, వారిని మీకు పరిచయం చేయాలని ఉంది.

ముందుగా ఒక మాట. వీరు యుద్ధనౌకల వారు కారు, సరుకుల ఓడల వారు. ప్రపంచ దేశాల మధ్య నడిచే సరుకులో నూటికి 80 పాళ్ళకు పైగా ఓడల మీదనే పోతుంది. మన పొలంలో వేసే ఎరువు, బండిలో పోసే పెట్రోలు చాలావరకు ఎవరో నావికుడు నిద్ర మానుకొని తెచ్చినవే. విశాఖ రేవు 1933లో తెరిచారు. స్వతంత్ర భారతదేశంలో కట్టిన మొదటి ఓడ 'జల ఉష'ను 1948 మార్చి 14న నెహ్రూగారు ఆ ఊరిలోనే నీటిలోకి దింపారు. అటువంటి ఊరు పక్కనే ఉన్నా, మన కొండ సంఘాల నుండి ఓడ ఎక్కినవారు అరుదు.

మొదటివాడు భీమిలి దగ్గర జాలరి పల్లె పిల్లవాడు. నల్లగా, బలంగా, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు. తండ్రితో చిన్ననాటి నుండి వేటకు వెళ్ళినవాడు. ఆకాశం చూసి సాయంత్రం గాలి ఎటు తిరుగుతుందో చెప్పేవాడు. ఈత కొలనులో ఎత్తు నుండి దూకే పరీక్ష రోజున తోటివారికి కాళ్ళు వణికితే, వీడు రెండుసార్లు దూకాడట. ఇంగ్లీషు పుస్తకం తెరిస్తే మాత్రం వీడికే చెమటలు పట్టేవి. భోజనాలయ్యాక మా వరండాలో కూర్చుని అగ్నిమాపక పాఠం నాకు అప్పజెప్పేవాడు. "మాస్టారండీ, సముద్రం నాకు తెలుసు, స్పెల్లింగులే తెలీవు" అనేవాడు.

రెండవది కోనసీమ అమ్మాయి. ఇంటరులో లెక్కలు చదివి, ఒక సంవత్సరపు నాటికల్ సైన్సు డిప్లొమాలో చేరింది. ఇక 18 నెలలు ఓడ మీద శిక్షణ చేసి, పరీక్షలు నెగ్గితే అధికారి అవుతుంది. "ఆడపిల్లకు ఓడేమిటే!" అని వాళ్ళ నాయనమ్మ నెల రోజులు మాట్లాడలేదట. ఆ ముసలమ్మకు ఈ పిల్ల కెప్టెన్ రాధికా మీనన్ గారి సంగతి చెప్పింది. 2015 జూన్‌లో ఒడిశా తీరాన, గోపాలపురం దగ్గర, 'దుర్గమ్మ' అనే చేపల పడవ ఇంజను చెడి తుపానులో కొట్టుకుపోతోంది. రాధికా మీనన్ గారు నడిపే 'సంపూర్ణ స్వరాజ్య' అనే ఆయిలు ఓడ దాన్ని చూసి, ఆ కెరటాల మధ్యనే పక్కకు చేరి, ఏడుగురు జాలరులను పైకి చేదుకుంది. మరుసటి సంవత్సరం అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఆమెకు ధైర్యసాహసాల పురస్కారం ఇచ్చింది. ఆ పురస్కారం అందుకున్న మొదటి స్త్రీ ఆమే. అంతా విని నాయనమ్మ, "ఆ ఏడుగురి తల్లులూ ఆవిడకి దణ్ణం పెట్టి ఉంటారు" అని, మనవరాలి పెట్టెలో తన చేతి ఆవకాయ సీసా పెట్టిందట.

మూడవవాడు విజయనగరం వైపు నుండి వచ్చాడు. జనపనార మిల్లు కార్మికుని కొడుకు. మెకానికల్ ఇంజనీరింగు చదివి, ఓడ ఇంజన్ల శిక్షణ ఒక సంవత్సరం చేశాడు. మాటలు తక్కువ. ఇంటికి వస్తే ఏ వస్తువు పాడైందో చెవితో కనిపెట్టేవాడు. మా మిక్సీ, ఫ్యాను, గుడిలో హార్మోనియం, అన్నీ వాడి చేతిలో పడి బాగైనవే. పాటల వేళ మగవారి కింది స్వరం వాడిదే. వాడు లేని ఆదివారం పాటకు పునాది లేనట్టుండేది.

నాలుగవవాడు మనవాడు. గుమ్మలక్ష్మీపురానికి పైన కొండ మీద సవర గ్రామం. ఆశ్రమ పాఠశాలలో పది చదివి, 6 నెలల జి.పి. రేటింగు శిక్షణలో చేరాడు. ఫీజు కోసం తండ్రి జీడితోట పంటను మూడేళ్ళకు ముందుగానే ఒప్పేసుకున్నాడు. మొదటి వారం వీడు ఎవరితోనూ మాట్లాడలేదు. మా ఇంట నా భార్య వెదురు కొమ్ముల కూర వండి, చోడి అంబలి గ్లాసులో పోసి పెడితే గ్లాసు వైపు చూసి, తల వంచుకొని కళ్ళు తుడుచుకున్నాడు. తరువాత తరువాత వాడి తీరే మారింది. జీలుగు చెట్లు ఎక్కిన కాళ్ళు కదా, ఓడ స్తంభం ఎక్కడంలో వాడికి సాటి లేరు. ఎద్దులకు, వెదురు కట్టెలకు ముడులు వేసిన చేతులు కదా, తాడు ముడుల పరీక్షలో మొదటి మార్కు తెచ్చుకున్నాడు.

శిక్షణ ముగింపు రోజున తెల్లని దుస్తులు, టోపీ, భుజాల మీద పట్టీలతో వారు కవాతు చేస్తుంటే, ఎండలో కూర్చున్న తల్లిదండ్రుల ముఖాలే నేను చూశాను. మా కొండ పిల్లవాని తల్లి చెప్పులు చేత్తో పట్టుకొని వచ్చింది. కొడుకును మొదట గుర్తుపట్టలేదు. సాయంత్రం సముద్రం ఒడ్డుకు తీసుకువెళ్ళాము. చాలాసేపు నిలబడి చూసి, ఆమె సవర భాషలో ఏదో అడిగింది. కొడుకు నాకు తెలుగులో చెప్పాడు. "నీటి మీద చచ్చిపోతే పాతిపెట్టడానికి మట్టి ఎక్కడుంటుంది అని అడుగుతోందండీ."

ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే మాట రాలేదు. బోధకులు చెప్పే జవాబులు నాకు తెలుసు, కాని ఒక తల్లి ముందు అవి పెద్దవిగా తోచలేదు. వాడే జవాబు చెప్పాడు. "అమ్మా, మన కొండ మీద పడ్డ వాన గెడ్డలోకి పోతుంది. గెడ్డ నాగావళిలో కలుస్తుంది. నాగావళి ఇక్కడికే వస్తుంది. నేను మన నీళ్ళ వెనకే పోతున్నాను. మన ఊరికి వాన ఇచ్చిన దేవుడు ఇక్కడ లేడా?" ఆమె వంగి, నీళ్ళు దోసిట పట్టి నోట పెట్టుకుంది. ఉప్పగా ఉన్నాయని మొహం చిట్లించి నవ్వింది. ఆ నవ్వుతో మా అందరి గుండెలూ తేలికపడ్డాయి.

వీడికి సరుకుల ఓడలో పని దొరికింది, పారాదీపు రేవులో ఎక్కాడు. అమ్మాయి, ఇంజనీరు కూడా పిలుపు అందుకున్నారు. సముద్రమంటే భయమే లేని జాలరి పిల్లవాడే ఇంకా ఒడ్డున ఉన్నాడు. ఒక దళారి వాడి దగ్గరకు వచ్చి, లక్షలు ఇస్తే వారంలో ఓడ ఎక్కిస్తానన్నాడు. తండ్రి వలలు, పడవ అమ్మడానికి కూడా సిద్ధపడ్డాడు. మన కోనసీమ అమ్మాయి ఊరుకోలేదు. ప్రభుత్వ అనుమతి ఉన్న సంస్థల జాబితా వెదికి, ఆ దళారి చెప్పిన పేరు అందులో లేదని చూపించింది. పడవ మిగిలింది. పిల్లవాడు ఇప్పుడు తండ్రితో వేటకు పోతూ, మంచి కబురు కోసం కనిపెట్టుకొని ఉన్నాడు.

కనుక పిల్లలను ఈ దారిన పంపదలచిన తల్లిదండ్రులకు నాలుగు మాటలు. కళాశాలకు ముంబయిలోని నౌకాయాన డైరెక్టరు జనరల్ గుర్తింపు ఉన్నదో లేదో ముందు చూడండి. డబ్బు కట్టక మునుపే కంటి పరీక్ష చేయించండి. రంగులు గుర్తుపట్టలేనివారిని ఓడ నడిపే పనికి తీసుకోరు. ఉద్యోగం ఇప్పించినందుకు నావికుని దగ్గర రుసుము తీసుకోకూడదని 2006 నాటి అంతర్జాతీయ నావిక కార్మిక ఒప్పందం చెబుతుంది. మన దేశం 2015లో దానిని ఆమోదించింది. లక్షలు అడిగేవానిని గుమ్మంలోనే ఆపండి. శిక్షణ అయిన ప్రతివానికీ వెంటనే ఓడ దొరకదు. ఆ ఎదురుచూపుకు కూడా సిద్ధపడి పంపండి.

సంఘానికి కూడా ఒక మాట. ఓడ ఎక్కినవాడు నెలల తరబడి గుడి గంట వినడు. క్రిస్మసు రోజున కూడా ఇంజను ఆగదు. 2020లో కరోనా వేళ సుమారు 4 లక్షల మంది నావికులు గడువు తీరినా ఇంటికి రాలేక ఓడల మీదనే ఉండిపోయారు. వారి కోసం ప్రార్థించినవారు ఎందరు? జూలై రెండవ ఆదివారాన్ని అనేక దేశాల సంఘాలు సముద్ర ఆదివారంగా ఆచరిస్తాయి. 1856లో ఇంగ్లాండులో మొదలైన నావికుల మిషను నేటికీ రేవులలో ఓడలెక్కి నావికులను పలకరిస్తోంది. మన కొండ సంఘాలలో కూడా ఆ ఆదివారం 107వ కీర్తన చదివి, ఓడలెక్కి మహాజలములపై పనిచేసే వారిని తలచుకోవచ్చు. పౌలు ఎక్కిన ఓడలో 276 మంది ఉన్నారు. అందులో విశ్వాసులు కొద్దిమందే, అయినా దేవుడు అందరినీ ఒడ్డుకు చేర్చాడు. మన ప్రార్థన కూడా అంత విశాలంగా ఉండాలి.

నిన్ననే కొండ పిల్లవాని నుండి కబురు వచ్చింది. ఓడలో వంటవాడు గోవా మనిషి అట, మంచివాడట. తుప్పు గీకి రంగు వేయడం వీడి పని. రాత్రి కాపలాలో నక్షత్రాలు మన కొండ మీద కనిపించినట్టే కనిపిస్తున్నాయట. మొదటి జీతం రాగానే జీడితోట విడిపిస్తానని రాశాడు. ఆ తల్లి కోసం, ఆ నలుగురి కోసం మీ కుటుంబ ప్రార్థనలో ఒక్క నిమిషం ఇవ్వండి. ప్రభువు మిమ్మును దీవించును గాక.