పలకల వెనుక పూత

అండమాన్ దీవులలో ఏటా సుమారు 3000 మిల్లీమీటర్ల వర్షం కురుస్తుంది. అయినా 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో జనవరి మొదలుకొని ఏప్రిల్ వరకు నీటికి కటకటే. ధనికరి జలాశయం తగ్గిన కొద్దీ కుళాయి నీరు వంతులవారీగా వస్తుంది. ఓడరేవును ఆనుకొని ఉన్న హాడోలో ఆ రోజుల్లో ఇంటికి ఆధారం స్నానాల గదిలోని తొట్టి.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులవాసులలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు వారిలో ఎన్నో. నూతి పక్కన గోలెం నిండుగా ఉంచుకొనే అలవాటు వారితోపాటే సముద్రం దాటింది. ఇక్కడ గోలెం స్థానంలో ఇటుకలతో కట్టి, పలకలు అతికిన తొట్టి వెలసింది.

యజమాని చూపు పలకల రంగు మీద ఉంటుంది. మేస్త్రీ చూపు మూలల మీద. పలకల సందుల్లోని సిమెంటు గుండా నీరు లోపలికి ఇంకుతూనే ఉంటుంది. దానిని ఆపవలసినది వెనుకనున్న పూతే. పూర్వం మన గచ్చుపనివారు సున్నంలో కరక్కాయ, బెల్లపు నీరు కలిపి సాధించిన గట్టితనాన్ని నేడు సిమెంటులో కలిపే రసాయనాలు ఇస్తున్నాయి. అయితే ఇది తీవ్ర భూకంపాల మండలం. 2004 డిసెంబరు 26న ఈ నేల ఎంతగా కంపించిందో ఇక్కడివారు మరువలేదు. గోడ, అడుగు కలిసేచోటే ముందుగా బీట పడుతుంది. అందుకే ఆ మూలను గుండ్రంగా మెత్తి, వల అతికి, సాగే గుణమున్న పూతను అడ్డంగా ఒకమారు, నిలువుగా మరొకమారు పూస్తారు. సముద్రపు ఇసుకలోని ఉప్పు ఇనుప చువ్వలను తినివేస్తుంది. దీవుల తీరాలలో ఇసుక తవ్వకాన్ని క్రమంగా తగ్గించాలని 2002లో సుప్రీంకోర్టు కూడా ఆదేశించింది.

పూత ఆరాక అసలు పరీక్ష. తొట్టిని నిండుగా నింపి, నీటిమట్టం వద్ద గీత గీసి రెండు రోజులు వదలాలి. వేసవిలో అన్ని బిందెల నీరు పరీక్షకు పోయడమంటే ఇల్లాలికి ప్రాణం ఒప్పదు. పరీక్ష మానితే ఆ నష్టం ప్రతిదినమూ గోడలో ఇంకుతుందని మేస్త్రీ నచ్చజెపుతాడు. ఆ నీటినీ వృథా చేయరు. తోడి, కొత్తగా కట్టిన గోడలను తడుపుతారు. నీరు గీతకు దిగువకు జారకుంటేనే పలకల పెట్టెలు విప్పుతారు.