673వ మెట్టు

మా ఇల్లు ఉప్పల్‌లో. మా అబ్బాజాన్ పనిచేసిన కర్మాగారం నాచారం పారిశ్రామికవాడలో. ఇంటి పిన్‌కోడ్ 500039, కర్మాగారానిది 500076. మన దేశంలో ఈ పద్ధతి 1972 ఆగస్టు 15న ప్రారంభమైంది. చివరి మూడంకెలు ఉత్తరాన్ని బట్వాడా చేసే కార్యాలయాన్ని సూచిస్తాయి. కవర్లమీద ఎన్నిమార్లు వ్రాసినా, అది కూడా ఒక సంఖ్యయేనన్న ఆలోచన నాకు ఇంటర్మీడియట్ వరకు కలుగలేదు.

ఒకనాడు మా గణితోపన్యాసకులు ఎవరి పిన్‌కోడ్ ప్రధాన సంఖ్యయో, ఎవరిది కాదో తేల్చుకొని రమ్మన్నారు. నాచారం సంఖ్య సులభంగా లొంగింది. అది సరిసంఖ్య, అంకెల మొత్తం 18. విడదీయగా 4×9×29×479 అయింది. ఉప్పల్ సంఖ్య మాత్రం లొంగలేదు. 7తో భాగిస్తే శేషం 1, 11తోనూ 1, 17తోనూ 1. దానికి ముందున్న 500038 అనే సంఖ్య 2×7×11×17×191 కావడమే ఇందుకు కారణమని తరువాత గ్రహించాను. నూరులోపు గల 25 ప్రధాన సంఖ్యలతోనూ భాగించి, అలసి, ఇది ప్రధాన సంఖ్యయేనని వ్రాసుకొన్నాను.

“వర్గమూలం వరకు చూశావా?” అని మాస్టారు అడిగారు. “చూశానండి” అన్నాను. అది అబద్ధం. ఆ వర్గమూలం 707 దాటుతుంది. ఆయన నా మాట నమ్మి తరగతికంతా చెప్పారు.

అబ్బాజాన్ పని, సరకు బయటికి వెళ్ళేముందు పరీక్షించి సంతకం చేయడం. ఆ సాయంకాలం నా ఘనత విని, “ఎన్నింటితో చూడాలి బేటా?” అన్నారు.

“నూట ఇరవై ఆరు.”

“ఎన్నింటితో చూశావు?”

“ఇరవై అయిదు.”

ఆయన చాయ్ కప్పు కింద పెట్టారు. “నూట ఇరవై ఆరు పెట్టెల్లో ఇరవై అయిదు విప్పి అన్నింటికీ సంతకం పెడితే నన్నేమంటారు?” అని మాత్రం అడిగి లేచిపోయారు.

మూడు రాత్రులు భాగహారాలు చేశాను. 122వ ప్రధాన సంఖ్య అయిన 673 వద్ద శేషం సున్న వచ్చింది, భాగఫలం 743. ఇంక నాలుగే మిగిలి ఉండగా నా సంఖ్య ప్రధాన సంఖ్య కాదని తేలింది. సంతోషంకన్న సిగ్గే ఎక్కువైంది.

మరునాడు మాస్టారివద్ద నిజం ఒప్పుకొన్నాను. ఆయన కోపగించలేదు. నల్లబల్లమీద 708 వర్గం 501264 అని వ్రాసి, అందులోనుండి 500039 తీసివేశారు. మిగిలినది 1225, అనగా 35 వర్గం. కనుక 708−35, 708+35 కారణాంకాలు: 673, 743! పదిహేడవ శతాబ్దంలో ఫ్రాన్సు దేశపు ఫెర్మా చూపిన మార్గమట.

“అయితే నా మూడు రాత్రులూ వృథాయేనా?” అన్నాను.

“కారణాంకాలు రెండూ వర్గమూలానికి దగ్గరగా ఉన్నాయి గనుక ఈ ఉపాయం వెంటనే ఫలించింది. దూరంగా ఉంటే ఇంత త్వరగా ఫలించదు. ఓపిక ఎక్కడైనా పనిచేస్తుంది” అన్నారాయన.

విద్యార్థి మిత్రులారా! నేడు ఈ లెక్కను చేతిలోని ఫోను క్షణంలో చేస్తుంది. అయినా ఏ పత్రంమీదనైనా సంతకం చేయబోయేముందు నాకు 673 జ్ఞాపకం వస్తుంది. మరొక్కసారి మొదటినుండి చదువుకొంటాను.