బీరంగూడ: బాగుచేయనీయని వస్తువులు

హైదరాబాదునుండి ముంబయివైపు పోవు 65వ నంబరు జాతీయ రహదారిపై లింగంపల్లి, రామచంద్రాపురము దాటి పటాన్‌చెరువువైపు సాగినచో త్రోవలో బీరంగూడ కమాను కనబడును. లోపలి గుట్టపై భ్రమరాంబా మల్లికార్జునస్వామివారి ఆలయము కలదు. శివరాత్రినాడు ఇచ్చట ఇసుక వేసిన రాలనంత జనము కూడుదురు. సమీపముననే అమీన్‌పూర్ చెరువు. కుతుబ్‌షాహీల కాలమునాటి ఈ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలముగా ప్రకటించిరి. ఒకప్పటి చిన్నపల్లె నేడు మేడలతో నిండిపోయినది. పల్లె ఎచ్చట ముగిసెనో, పట్నము ఎచ్చట మొదలయ్యెనో చెప్పుట కష్టము.

ఈ ప్రాంతము యంత్రములవలన పెరిగినది. రామచంద్రాపురమున 1960 దశకమున వెలసిన భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ కర్మాగారములో విద్యుత్కేంద్రములకు టర్బైనులు తయారగును. అట్టి యంత్రము పాతిక ముప్పదియేండ్లు నడువవలెనని లెక్కగట్టి చేయుదురు. అరిగిన భాగమును మార్చి మరల నడుపుదురు. ఆ కర్మాగారములో పనిచేసి ఈ చుట్టుపట్లనే ఇండ్లు కట్టుకొనిన కుటుంబములు పెక్కు. ఇట్టిచోట ఇంటింటి వస్తువులు నాలుగైదేండ్లకే మూలపడుట మాకు వింతగా తోచినది.

కమాను లోపలి బజారులో మేమొక సాయంకాలము నడచితిమి. ఫోనులు, టీవీలు, మిక్సీలు బాగుచేయు చిన్న దుకాణములు అచ్చటచ్చట గలవు. ఒకచోట పెద్దవయసు ఇల్లాలొకతె బట్టలుతుకు యంత్రపు బోర్డును సంచిలో పెట్టుకొని వచ్చి నిలుచుండెను. దుకాణపు కుఱ్ఱవాడు దానిని త్రిప్పి త్రిప్పి చూచి, “అమ్మా, మీ మోటారు మంచిగనే ఉన్నదన్నరు, డ్రమ్ము మంచిగనే ఉన్నదన్నరు. పోయింది గీ బోర్డొక్కటే. కంపెనోళ్లు గిది చేసుడు బందువెట్టిన్రు. నేనేం జెయ్యాలె?” అనెను. “ఏడేండ్లకే గిట్లయితే ఎట్ల బిడ్డా? మా అత్తమ్మ ఇచ్చిన గ్రైండరు ఇంక తిరుగుతనే ఉన్నది!” అని ఆమె వాపోయెను. అతని చేతిలో పనితనము లేక కాదు; భాగము లేక యంత్రమంతయు పాత ఇనుము క్రింద పోవలసివచ్చినది.

వస్తువు అరుగుట దోషము కాదు. అరగని వస్తువు లోకమున లేదు. ప్రెషరు కుక్కరు రబ్బరు ఏటేట సాగిపోవును; ఏ సామానుల కొట్టులోనైనను క్రొత్తది దొరకును; కుక్కరు కలకాలము ఉండును. తిరుగలి నున్నబడిన గంట్లు పెట్టువారు వీధిలో కేకవేయుచు వచ్చెడివారు. ఇత్తడిగిన్నెకు కళాయి పోయిన మరల పూయించెడివారము. వస్తువుతోపాటు దానిని బాగుచేయు మనిషియు మనకు దొరకెడివాడు. నేటి వస్తువులలో లోపించినది బలము కాదు, ఈ సదుపాయమే.

ఇది అన్నిచోట్ల పొరపాటున జరిగినది కాదు. 1924లో ప్రపంచపు పెద్ద విద్యుద్దీపముల కంపెనీలు జెనీవాలో కూడి, ఫీబస్ అను కూటమి కట్టుకొనినవి. బల్బు 1000 గంటలు వెలిగిన చాలునని నియమము చేసి, అంతకుమించి వెలుగు బల్బులు చేసిన కంపెనీకి జుల్మానా విధించినవి. నేటి ఫోనులలో పెక్కింటికి బ్యాటరీ జిగురుతో అతికియుండును. ఇంటిలో ఊడదీయుట సులభము కాదు.

కంప్యూటరు సంగతి మరియు చిత్రము. దానిలో ఏ భాగమును అరగకున్నను అది పాతబడును. మైక్రోసాఫ్టు సంస్థ విండోస్ 10కి సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14వ తేదీతో ముగించినది. తరువాతిదైన విండోస్ 11ను నియమానుసారము ఎక్కించుటకు టీపీఎం 2.0 అను భద్రతా సాధనమును, సంస్థ ఒప్పుకొనిన ప్రాసెసరును ఉండవలెను. పిల్లల చదువుకై కూడబెట్టి కొనిన కంప్యూటరు, తెర వెలుగుచున్నను, మీటలు పలుకుచున్నను, ఈ విధముగా అక్కరకు రానిదగుచున్నది.

పారవేసినది ఎచ్చటికి పోవును? 2022లో ప్రపంచమున 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పుట్టినదనియు, అందు నూటికి 22 వంతులే పద్ధతి ప్రకారము సేకరింపబడి పునర్వినియోగమునకు చేరినదనియు ఐక్యరాజ్యసమితి నివేదిక చెప్పుచున్నది. తక్కినదానిలో కొంత రాగికై తీగలు కాల్చువారి చేతబడును. విషపుపొగ వారి పిల్లల ఊపిరిలో చేరును. బోర్డులలోని సీసము మంటికి, నీటికి చేటు. కర్మాగారముల మలినజలముచే నక్కవాగు చెడిపోవుట చూచిన పటాన్‌చెరువు వాసులకు ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు.

లోకము కొంత మేలుకొనినది. ఐరోపా సమాఖ్యలో 2025 జూన్ 20 నుండి క్రొత్తగా విపణికి వచ్చు ఫోనులకు, అమ్మకము ముగిసిన పిదప 7 ఏండ్లవరకు ముఖ్యమైన విడిభాగములు దొరకవలెనని నియమము వచ్చినది. మన కేంద్రప్రభుత్వము 2022 డిసెంబరులో మరమ్మతు హక్కునకై ఒక పోర్టలు తెరచినది. అయినను కంపెనీ విడిభాగము ఇచ్చితీరవలెనని నిర్బంధించు ప్రత్యేక శాసనము మనకింకను రాలేదు. మోసము జరిగినదని తోచినచో 1915 నంబరునకు ఫోనుచేసి వినియోగదారుల సహాయకేంద్రమున ఫిర్యాదు చేయవచ్చును.

సోదరీమణులారా, ఇంటికి వస్తువు కొనునప్పుడు మూడు సంగతులడుగుడు: విడిభాగములు ఎన్నియేండ్లు దొరకును? బ్యాటరీని మార్చుటకు ఎంతయగును? ఫోనునకు, కంప్యూటరునకు రక్షణ మార్పులు ఏ సంవత్సరమువరకు వచ్చును? బదులును రసీదుపై వ్రాయించుకొనుడు. మూలపడిన కంప్యూటరును అమ్మివేయుటకు ముందు దానిలో ఉచితముగా దొరకు లినక్సును ఎక్కించి చూడుడు. పాఠములకు, ఉత్తరములకు అనేకమైన పాతయంత్రములు మరల పనికివచ్చును. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ లినక్సును తెలుగులోనికి తెచ్చుటకు పాటుపడినది. ఇక బాగుపడదని తేలినదానిని చెత్తబండిలో వేయక, అనుమతిగల సేకరణకేంద్రమునకే ఇయ్యుడు.

బేరమాడుట మన స్త్రీలకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. ధరకై ఆడు బేరములో సగము వస్తువు ఆయుర్దాయమునకై ఆడినచో, దుకాణదారు ఆ ప్రశ్నను కంపెనీకి చేర్చక తప్పదు. బీరంగూడ బజారులోని ఆ కుఱ్ఱవాని పనితనమునకును అప్పుడు పని దొరకును.