ఎండాకాలం – గుర్రం – ఈగలు



ఇంకో రెండు వారాల్లో మనకు వేసవి సెలవులు. మనలో కొండ మీద ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. రోడ్డు లేని చోట మనకు లారీ గుర్రమే, ఆటో గుర్రమే. సంతకు పసుపు, పిప్పళ్లు, కాఫీ గింజలు దించేది అదే. డిపో బియ్యం కొండ ఎక్కించేది అదే. జ్వరం వచ్చిన మనిషిని ఆస్పత్రికి దించేది కూడా ఒక్కోసారి అదే. అలాంటి జీవిని ఎండాకాలంలో ఈగలు పీక్కుతింటాయి. దానికి మనం ఏం చెయ్యాలో నాకు తెలిసింది రాస్తున్నాను.

పోయిన ఏడు మే నెలలో మా మామ గుర్రానికి వీపు మీద పుండు పడింది. బస్తా ఒరుసుకుని రూపాయి బిళ్లంత చర్మం లేచింది. చిన్నదే కదా అని ఎవరూ పట్టించుకోలేదు. వారం తిరిగేసరికి ఈగలు గుడ్లు పెట్టి పుండులో పురుగులు పడ్డాయి. అరచెయ్యంత అయిపోయింది. గుర్రం మేత మానేసింది. ముట్టుకుంటే తన్నేది. పశువుల డాక్టరు గారు పురుగులన్నీ తీసి, మందు వేసి, నెల రోజులు బరువు వెయ్యొద్దన్నారు. ఆ నెల రోజులు మామ, అత్త బియ్యం నెత్తిన పెట్టుకుని కొండ ఎక్కారు. రెండున్నర గంటల నడక. అత్తకు అప్పుడు ఏడో నెల. ఒక్క ఈగ పెట్టిన గుడ్లు ఇంత పని చేశాయి.

ఆ నెలంతా గుర్రాన్ని మేపే పని నాకు చెప్పారు. పుస్తకం తీసుకెళ్లి చెట్టు కింద కూర్చుని దాన్నే చూసేవాణ్ని. గుర్రం ఊరికే ఉండదు. వెనక ఈగ వాలితే తోకతో కొడుతుంది. భుజం మీద వాలితే ఆ చోట చర్మం మాత్రమే గబగబా వణికిస్తుంది. మనం అలా చెయ్యలేము. దానికి చర్మం కింద పలుచని కండరం ఉంది. కాలి మీద వాలితే కాలు నేలకేసి కొడుతుంది. కంటి మీద వాలితే తల విదిలిస్తుంది. మరీ ఎక్కువైతే గాలి వీచే గట్టు మీదికి పోతుంది, గాలిలో ఈగ నిలవలేదు. రెండు గుర్రాలుంటే ఒకదాని తల దగ్గర ఇంకొకదాని తోక ఉండేటట్టు నిలబడతాయి. ఒకదాని మొహం మీద ఈగల్ని ఇంకొకటి తోలుతుంది.

ఇన్ని ఉపాయాలు ఉన్నా ఈగలు ఎలా గెలుస్తున్నాయి? ఆలోచిస్తే నాకు తెలిసింది ఏమిటంటే, ఆ ఉపాయాలన్నీ మనమే తీసేస్తున్నాం. బురద, పల్లేరుకాయలు అంటుకుంటాయని తోక కోస్తాం. పిట్టల ఉచ్చులకని పిల్లలు తోక వెంట్రుకలు పీకుతారు. పారిపోకుండా ముందు కాళ్లకు బందం వేస్తాం, ఇక కాలు ఎలా కొడుతుంది? పొట్టి తాడుతో గుంజకు కడతాం, గట్టెక్కడానికి వీలుండదు. వీపు మీద బస్తా వేస్తాం, అక్కడికి తోకా రాదు, చర్మమూ వణకదు. మా తాత అంటాడు: "ఒరే, గుర్రం తోక కోసీడమంటే మనిషి చేతులు కట్టీసినట్టేరా."

ఈగలన్నీ ఒకటి కావు. నేను చూసినవి, పుస్తకంలో చదివినవి కలిపి చెబుతాను.

ఇంటి ఈగ కుట్టదు. కంటి నీరు, పుండు రసి నాకుతుంది. పేడలో గుడ్లు పెడుతుంది. వేసవిలో గుడ్డు ఈగ కావడానికి వారం పది రోజులు చాలు. రెండోది చూడడానికి ఇంటి ఈగలాగే ఉంటుంది గాని మూతి సూదిలా ముందుకు పొడుచుకుని ఉంటుంది. కాళ్ల మీద వాలి రక్తం తాగుతుంది. మూడోది జోరీగ. ఇందులో ఆడది మాత్రమే రక్తం తాగుతుంది. చర్మాన్ని కత్తితో కోసినట్టు కోసి, కారిన రక్తం నాకుతుంది. అందుకే అంత నొప్పి. ఎండలో, గెడ్డల పక్కన ఎక్కువ. నీడగా ఉన్న శాలలోకి రావడానికి ఇష్టపడదు. నాలుగోది తేనెటీగలా ఉంటుంది. కుట్టదు. గుర్రం ముందు కాళ్ల వెంట్రుకలకు నువ్వుగింజ కంటే చిన్న పసుపుపచ్చ గుడ్లు అంటిస్తుంది. గుర్రం వాటిని నాకితే పురుగులు నోట్లోంచి పొట్టలోకి చేరి నెలల తరబడి ఉంటాయి.

జోరీగతో ఇంకో ప్రమాదం ఉంది. ఒక గుర్రం మీద సగం తాగి, తోక దెబ్బకు లేచి, పక్క గుర్రం మీద వాలుతుంది. మూతికి అంటిన రక్తంతో రోగం కూడా పోతుంది. దాని పేరు సర్రా. 1880లో గ్రిఫిత్ ఎవాన్స్ అనే పశువుల డాక్టరు డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో (ఇప్పుడది పాకిస్తాన్‌లో ఉంది) జబ్బుపడిన గుర్రాల, ఒంటెల రక్తంలో ఈ రోగక్రిమిని చూశాడు. జ్వరం వచ్చి తగ్గి మళ్లీ రావడం, తిన్నా చిక్కిపోవడం, కాళ్లకు, పొట్ట కింద వాపు, వెనక కాళ్లు తూలడం దీని గుర్తులు. వైద్యం లేకపోతే గుర్రం దక్కదు. ఇలా కనిపిస్తే దిష్టి అని కూర్చోకుండా 1962కు ఫోన్ చెయ్యాలి. అది పశువుల అంబులెన్సు నంబరు. బండి రోడ్డు దాకానే వస్తుంది, గుర్రాన్ని మనం దించుకోవాలి.

ఇక మనం చేయవలసిన పనులు. డబ్బు పెద్దగా అక్కర్లేదు.

మొదటిది పేడ. శాలలో పేడ, తడిసిన గడ్డి రోజూ తియ్యాలి. కుదరకపోతే వారానికి రెండుసార్లయినా తియ్యాలి. అప్పుడు గుడ్డు ఈగ కాకముందే పోతుంది. దూరంగా గోతిలో వేసి మన్ను కప్పాలి, లేదా ఎండలో పలుచగా పరచాలి. ఎండితే పురుగు బతకదు. పనస తొక్కలు, కుళ్లిన మామిడి పళ్లు కూడా శాల దగ్గర వెయ్యకూడదు.

రెండోది మేత వేళ. తెల్లవారుజామున, సాయంత్రం మేపి, ఎండ వేళ నీడలో, గాలి తగిలే చోట ఉంచాలి. రెండు గుర్రాలుంటే పక్కపక్కన ఒగ్గీయాలి.

మూడోది కళ్లు. పాత చీర అంచును వేలెడు వెడల్పు పీలికలు చేసి తలతాడుకు నుదుటి మీద కుచ్చులా కట్టాలి. తల ఊపినప్పుడల్లా అవే ఈగల్ని తోలుతాయి. మా అమ్మ కట్టింది, బాగా పని చేసింది.

నాలుగోది వీపు. బరువు దించగానే మెత్త తీసి, చేత్తో వీపంతా తడిమి చూడాలి. చర్మం లేస్తే ఆ రోజే ఉప్పునీళ్లతో కడగాలి. పుండు చుట్టూ వేపనూనె రాస్తే ఈగ వాలదు. మానేదాకా బరువు వెయ్యకూడదు. పురుగు పడితే మా తాత సీతాఫలం ఆకు నూరి పెట్టేవాడు. కాని పుండు లోతుగా ఉంటే డాక్టరుకే చూపించాలి.

సాయంత్రం వావిలాకు, వేపాకు పొగ వెయ్యొచ్చు. అయితే శాల తలుపు మూసి వెయ్యకూడదు, గుర్రానికి ఊపిరాడదు. కొందరు పంటకు కొట్టే మందు గుర్రానికి రాస్తారు. అది విషం. ఎవరైనా రాస్తుంటే మీరు ఆపండి.

చివరగా ఒక వింత. జీబ్రాకు చారలు ఎందుకో తెలుసా? ఇంగ్లండులో టిమ్ కారో అనే శాస్త్రవేత్త, ఆయన జట్టు జీబ్రాలను, గుర్రాలను పక్కపక్కన చూసి, 2019లో ఆ వివరాలు ప్రచురించారు. జోరీగలు రెండింటి దగ్గరికీ ఒకేలా వచ్చాయి. కాని జీబ్రా మీద వాలినవి గుర్రం మీద వాలిన వాటిలో నాలుగో వంతే. గుర్రానికి చారల గుడ్డ కప్పితే గుడ్డ ఉన్న చోట తక్కువ వాలాయి, గుడ్డ లేని తల మీద మామూలే. నల్ల ఆవులకు తెల్ల చారలు వేస్తే వాటి మీద ఈగలు సగానికి తగ్గాయని అదే ఏడు జపాన్ శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఈ పనికి 2025లో ఇగ్ నోబెల్ అనే బహుమతి ఇచ్చారు. నవ్వు తెప్పించి, తర్వాత ఆలోచింపజేసే పనులకు ఇచ్చే బహుమతి అది.

మామ గుర్రం నల్లది. గోడలకు పూసే తెల్ల సుద్దమట్టి మా ఊళ్లో ఉంది. సున్నమైతే చర్మం మండుతుంది, సుద్దకు ఆ బాధ లేదు. ఈ సెలవుల్లో దానికి ఒక పక్క చారలు గీసి, ఒక పక్క వదిలేసి, రోజూ అరగంట ఏ పక్క ఎన్ని ఈగలు వాలాయో లెక్క రాస్తాను. గుర్రం ఉన్నవాళ్లు మీరూ రాయండి. బడి తెరిచాక అందరి లెక్కలూ ఇదే గోడ మీద అంటిద్దాం.

– 9వ తరగతి విద్యార్థి