ఇంట్లో మిగిలిపోయిన పాత చిరునామా

మనుషులకు పేర్లు గుర్తుంటాయి. యంత్రాలకు అంకెలు కావాలి. అంతర్జాలంలో ఈ రెంటి నడుమ దుబాసీ పని చేసేది డీఎన్ఎస్. దానిని 1983లో పాల్ మోకాపెట్రిస్ రూపొందించాడు. అంతకు మునుపు ఆర్పానెట్‌లోని యంత్రాల పేర్లూ అంకెలూ ఒకే జాబితాలో ఉండేవి. స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్లర్ బృందం దానిని నిర్వహిస్తే, తక్కినవారు నకలు దించుకొనేవారు. ఆ జాబితాకు వారసత్వంగా 'హోస్ట్స్' అనే చిన్న ఫైలు నేటికీ మన కంప్యూటర్లలో ఉంది.

దాని మహిమ ఆమధ్య రేపల్లెలో చూశాను. మా బావగారికి అక్కడ బట్టల కొట్టు. ఆరోజు ఇరవయ్యో తేదీ. జీఎస్టీ రిటర్నుకు ఆఖరి రోజు. లెక్కలున్న సైటు ఆయన కంప్యూటరులో తెరుచుకోవడం లేదు. "ఓసారి రావోయ్" అని ఫోను చేస్తే, తెనాలిలో రేపల్లె బండెక్కి, వేమూరు, భట్టిప్రోలు మీదుగా వెళ్ళాను.

అదే వైఫైతో ఆయన సెల్‌ఫోనులో ఆ సైటు చక్కగా వస్తున్నది. బిల్లులేమో కంప్యూటరులో ఉన్నాయి. అంటే లోపం సైటుదీ కాదు, లైనుదీ కాదు.

కమాండ్ ప్రాంప్ట్‌లో సైటు పేరుకు 'పింగ్' కొడితే ఒక అంకె వచ్చింది; 'ఎన్ఎస్‌లుకప్'ను అడిగితే మరొకటి. పింగ్ ముందుగా ఇంటి జాబితాను నమ్ముతుంది. ఎన్ఎస్‌లుకప్ నేరుగా డీఎన్ఎస్ సర్వరునే అడుగుతుంది. రెండింటికీ పొసగలేదంటే ఇంట్లోనే ఎవరో పాత చిరునామా రాసిపెట్టారన్నమాట.

నోట్‌ప్యాడును అడ్మినిస్ట్రేటరుగా తెరిచి, విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్, ఈటీసీ అనే ఫోల్డర్లు ఒక్కొక్కటే దాటి ఆ ఫైలు చూశాను. అట్టడుగున ఒకే ఒక్క వరుస. మునుపెప్పుడో సర్వరు మారినప్పుడు మరమ్మతుకు వచ్చినవారు తాత్కాలికంగా రాసినది. సర్వరు మళ్ళీ మారింది. వరుస మాత్రం మిగిలింది. దాని ముందు # గుర్తు పెట్టి, 'ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్' కొట్టగానే సైటు తెరుచుకుంది. రాత్రి తొమ్మిదింటికి రిటర్ను వెళ్ళింది.

2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడి రేపల్లె అందులో చేరింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. బావగారి బిల్లు పుస్తకం మీద ఇప్పటికీ 'గుంటూరు జిల్లా' అనే అచ్చు. అయినా ఉత్తరాలు చేరుతూనే ఉన్నాయి. జిల్లా పేరు మారినా 522265 అనే పిన్ నంబరు మారలేదు. పైగా పోస్ట్‌మాన్‌కు ఊరు తెలుసు. కంప్యూటరులో జరిగింది దీనికి తలక్రిందులు: పేరు నిలిచింది, అంకె మారింది. యంత్రానికి ఊరు తెలియదు. రాసినది రాసినట్టే నమ్ముతుంది.

కనుక ఆ ఫైలులో ఎప్పుడైనా ఒక వరుస చేర్చవలసివస్తే, పైన # గుర్తు పెట్టి తేదీ, కారణం కూడా రాయండి. తరువాత వచ్చేవారికి అదే దారి చూపుతుంది.