మీటకు మధ్యలో దొరికిన నాదం

వీణో వయొలినో నేర్చుకుంటారనుకుంటే మా పిల్లలు ఎలక్ట్రిక్ గిటార్ కావాలంటారు. మన పాట దూరమవుతుందేమోనని మాకు బెంగ. అందుకే దాని సంగతి కాస్త తెలుసుకున్నాం.

1954లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ కంపెనీ తెచ్చిన స్ట్రాటోకాస్టర్‌కు మూడు పికప్‌లు, మూడు స్థానాల మీట. వాయించేవాళ్ళు ఆ మీటను రెండు స్థానాల మధ్య నిలిపి కొత్త నాదం రాబట్టారు. అది అందరికీ నచ్చింది. 1977లో కంపెనీయే ఐదు స్థానాల మీట పెట్టింది.

పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ గారు (1969-2014) కూడా జంట తీగలు మాని, ఐదు ఒంటి తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌పై గమకాలు పలికించారు.

రెండు భాషల మధ్య నిలబడ్డ మన పిల్లల నాదమూ విందాం. గిటార్ ఆపమనకుండా, "దీని మీద ఒక్క త్యాగరాజ కీర్తన వాయించు నాన్నా" అని అడుగుదాం.