సర్వరు గదిలో తిరుగుదారి అన్వేషణ

కృష్ణాతీరమందలి ఒక ఇంజనీరింగు కళాశాలలోని సర్వరు గదిని చూడబోయిన దినమున, అచ్చటి గ్రంథాలయపు వెబ్‌సైటు ఊరికావలనున్న పూర్వవిద్యార్థులకు క్షణములో తెరచుకొనుచుండియు, గోడకావలి ల్యాబులో కూర్చున్న విద్యార్థులకు మాత్రము తెరచుకొనక వేధించుచుండెను.

గేట్‌వేగా నిలిచిన లినక్సు యంత్రమునకు ఇంటర్నెట్టు వైపొకటి, కళాశాల వైపొకటి, రెండు నెట్‌వర్కు కార్డులు కలవు. కళాశాల పబ్లిక్ ఐపీకి 80వ పోర్టుపై వచ్చు కనెక్షన్లను లోపలి సర్వరగు 192.168.1.10కు మళ్లించుటకై, 2001 నాటి లినక్సు 2.4 కెర్నెలుతో వచ్చిన ఐపీటేబుల్స్‌లో, ప్రీరౌటింగు చెయినునందు ఒక డీన్యాట్ రూలు వ్రాయబడియున్నది. నిర్వాహకుడు దానిని మార్చుటకు తొందరపడక, ముందుగా దాని కౌంటరును నాకు చూపెను. ప్రతి కనెక్షనులోను మొదటి ప్యాకెట్టు మాత్రమే న్యాట్ టేబులును చూచును. తక్కినవి ఆ నిర్ణయమునే అనుసరించును గనుక, అచ్చటి అంకె కనెక్షన్ల లెక్క యగును.

ల్యాబునుండి ఎన్నిమారులు ప్రయత్నించినను ఆ అంకె కదలలేదు. అతనికి తోడుగానున్న విద్యార్థిని రూలును పరికించి, “సార్, ఇందులో బయటి కార్డు పేరుందండీ. మనం లోపలి కార్డు నుంచి కదా వస్తున్నాం!” అనెను. “మంచి మాట చెప్పావమ్మా” అని అతడు కార్డు పేరు తొలగించి, గమ్యముగా పబ్లిక్ ఐపీని వ్రాసెను. అంకె పెరిగెను, పేజీ మాత్రము రాలేదు.

అంతట ల్యాబు యంత్రముపై టీసీపీడంప్ నడుపగా, మూడు వరుసలలో రహస్యమంతయు బయటపడెను: పబ్లిక్ ఐపీకి పోయిన సిన్, 192.168.1.10 నుండి వచ్చిన సిన్-యాక్. వెంటనే ల్యాబు యంత్రము పంపిన రీసెట్. ఇరువురును ఒకే సబ్‌నెట్టులోనివారగుటచే, సర్వరు గేట్‌వేను తాకకయే నేరుగా బదులిచ్చుచుండెను. ఒకరికి వ్రాసిన ఉత్తరమునకు ఎన్నడునెరుగని వేరొకరు జవాబిచ్చినట్లు, ఆ బదులును ల్యాబు యంత్రము త్రోసిపుచ్చుచుండెను. దారి మళ్లించినవాడు తిరుగుదారిని గూడ చూపవలెనను సత్యము నాకిచ్చట ప్రత్యక్షమైనది.

పోస్ట్‌రౌటింగు చెయినులో, 192.168.1.0/24 నుండి 80వ పోర్టుపై ఆ సర్వరునకు పోవు కనెక్షన్లకు గేట్‌వే తన లోపలి ఐపీని మూలముగా తగిలించునట్లు ఒక ఎస్‌న్యాట్ రూలు చేర్చగా, బదులు వచ్చినదారినే మరలి పేజీ తెరచుకొనెను. అయితే సర్వరు లాగులో ల్యాబువారందరును ఇకపై గేట్‌వే పేరుననే కనబడుదురు. ఎవరెప్పుడు వచ్చిరో తెలియవలెనన్న సర్వరును వేరు సబ్‌నెట్టున నుంచుటయే మేలు. నిర్వాహకుడు ఆ సంగతిని రూలు ప్రక్కనే కామెంటుగా వ్రాయించుట, తన తరువాత ఆ కుర్చీలో కూర్చుండువారియెడ అతనికిగల శ్రద్ధకు నిదర్శనము.